కుర్చీని తిరగేసి చూసే అయివారు

మా పాపకు బొమ్మంత కుర్చీలు చేసేది నేర్పించిన అయివారు పోయినారు. ఆ మాట నాకు ఎవురూ చెప్పి పంపలేదు. నేనే మైసూరుపాకు పొట్లం సైకిలుకు తగిలించుకొని, పండ్లన్నీ బయటపెట్టుకొని నవ్వుకుంటా ఆయన ఇంటి ముందర దిగితే తెలిసింది. వాకిట్లో చెప్పులు చానా ఉన్నాయి. ఆ చెప్పులు చూసి నేనేమనుకున్నానంటే, నాకన్నా ముందే ఎవురో సంగతి చెప్పేసినారు, మా నగరి ఊర్లో సగం వీధి ఆయన్ని మెచ్చుకునేదానికి వచ్చేసింది అనుకున్నాను. అంత సంతోషంలో ఉన్నాను నేను.

సంగతేమంటే, ఆ పొద్దున్నే తిరుపతి నుంచి ఫోను వచ్చింది. పాతకాలపు సామాన్లు పెట్టి జనాలకు చూపించే హాలు ఒకటి ఆడ ఉంది. మా పాప చేసిన గదిని వాళ్లు ఎగ్జిబిషన్లో పెడతారంట. ఇరవై దినాల్లో పంపించమన్నారు. గది అంటే మనుషులు తిరిగే గది కాదు. రెండడుగుల చెక్కపెట్టె. నూరేండ్ల కిందట మన చిత్తూరు పక్క పెద్ద ఇండ్లల్లో ముందరి గది ఎట్లుండిందో, ఆ పెట్టెలో అట్లే ఉంటాది. నిజం సామానులో అడుగుంటే దీంట్లో అంగుళం. పందిరిమంచం, ఉయ్యాలబల్ల, భోషాణం, రాతబల్ల, పేము అల్లిన కుర్చీలు, అన్నీ రెండు వేళ్లతో ఎత్తి పెట్టేటివే.

అయివారు వసారాలో నిలబడుకొని పెన్సిలు చెక్కుకుంటా, ఉన్నట్టుండి కూలబడినారంట. అంతే. డాక్టరును పిలిచే లోపలే అయిపోయింది. నేను పోయేటప్పటికి చాప మీద పడుకోబెట్టినారు. నా చేతిలో పొట్లం చూసి ఆయన ఇంటామె, అయివారమ్మ అడిగింది, "ఏమప్పా అది?"

"ఏం లేదమ్మా" అన్నాను. దాచుకునేదానికి చోటు లేదు. "పాపది... తిరుపతోళ్లు ఒప్పుకున్నారు."

ఆమె ముక్కు తుడుచుకొని నన్నే చూసింది. "నాకు చెప్తే ఏం లాభం? ఆయన చెవిలో చెప్పు. ఇంకా ఇంట్లోనే గదా ఉండాడు."

వంగి చెప్పినాను. "అయివారూ, పాప గది తిరుపతికి పోతాండాది" అని. చుట్టూ ఉన్నోళ్లు నేను గోవింద నామం చెప్తాండానని అనుకున్నారు.

ఆ దినం నుంచి నేను ఒక తావ కూర్చోలేకుండా ఉన్నాను. చదివేవాళ్లు నన్ను తప్పుగా అనుకోవద్దండి. ఏడుద్దామని కూర్చుంటే పాప గది తిరుపతికి పోతాండాదే అని లోపల ఏదో ఎగురుతాది. సరే, సంతోషపడదామని లేస్తే, ఆ సంతోషం ఎవురి దగ్గరికి తీసుకపోవాలో ఆ మనిషి లేడు. మా ఇంటామె, "ఏమిట్లా తిరగతావు, ఇల్లు అరిగిపోతాది" అంటాది. నేనేమో అయిదో తరగతి మనిషిని, మగ్గం మనిషిని. రాసేది అలవాటు లేదు. తిరిగి తిరిగి కాళ్లు నొచ్చి, ఇంక రాద్దామని పట్టినాను.

ఆయన మా పాపను చూసింది బొమ్మల కొలువులో. మా పక్క దసరాకు మెట్లు కట్టి బొమ్మలు పెడతాము గదా. ప్రతి ఏడూ ఒక కొత్త బొమ్మన్నా చేర్చాలని పద్ధతి. ఆ ఏడు మాకు బొమ్మ కొనే వీలు లేక, పాప చీపురుపుల్లలు విరిచి మైదా జిగురుతో ఒక మంచం చేసి రాజు బొమ్మ పక్కన పెట్టింది. పదేండ్ల పిల్ల. హైస్కూల్లో డ్రాయింగు చెప్పే అయివారు శనగల సుండలు, అదే గుగ్గిళ్ల కోసం మా ఇంటికి వచ్చినారు. ఆకులో సుండలు చేతిలో పెట్టుకొని, ఆ మంచాన్ని ఎత్తి, తిరగేసి, దాని అడుగు చూసినారు. బొమ్మల్ని చూడలేదు, దేవుణ్ని చూడలేదు.

"ఈ మంచం మీద ఎవురు పండుకుంటారు?"

"రాజు" అనింది పాప.

"రాజు ఎంత పొడుగు?"

పాప రాజును తీసి కొలిచింది. జేన.

"మంచం?"

అర జేన.

"అయితే రాజు కాళ్లు యాడ పెట్టుకోవాలమ్మా? పక్కింట్లోనా?"

అందరూ నవ్వినారు. పాప మూతి ముడుచుకొని లోపలికి పోయింది. ఆయన సుండలు తినేసి చేయి కడుక్కునే లోపల, కొత్తగా విరిచిన చీపురుపుల్లలు పట్టుకొని వచ్చి ఆయన ముందర నిలబడింది. "ఎంత పొడుగుంటే చాలు?" అని. ఆయన నా పక్క తిరిగి, "అప్పా, ఈ పిల్లను ఆదివారాలు మా ఇంటికి పంపు" అన్నారు. ఆ ఆదివారాలు పాతికేండ్లు జరిగినాయి. పెండ్లయినాక కూడా, అల్లుడిది పుత్తూరైనా, మా పాప కాపురం నగరిలోనే రెండు వీధుల అవతల పెట్టినారు కాబట్టి తెగలేదు.

ఆయన ఇంట్లో ఒక అద్దాల బీరువా ఉంది. దాంట్లో ఉన్నవి అందరి ఇండ్లల్లో ఉండే పుస్తకాలు కావు. అట్ట లేని ఒక లావు పుస్తకం ఉంది, దొరల కాలంలో మద్రాసులో మేజా కుర్చీలు అమ్మేవాళ్లు అచ్చు వేయించింది. దాంట్లో ఇంగ్లీషు మాకెవురికీ రాదు, బొమ్మలు చూసేది. అరవంలో ఒక వడ్రంగి పుస్తకం, కొయ్యకు కొయ్య ఎట్ల కలపాలో గీతలు గీసి చూపించేది. అరవం నాకు కూడా వస్తాది, నగరిలో ఎవురికి రాదు! ఆ పుస్తకం చదివి చెప్పేదానికి నన్ను పిలిచేవారు, తనకు రానట్టు. తనకు నాకన్నా బాగా వచ్చని తర్వాత తెలిసింది. నన్ను కూడా ఆ పనిలోకి లాగాలని చేసిన తంత్రం.

పుస్తకాలకన్నా ఆయనకు వట్టి కాగితాలంటే ప్రాణం. పాత పెండ్లి ఫోటోలు. కాలం చెల్లిన స్టూడియోల ఫోటోలు. సారె పట్టీలు, అంటే ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు వెంట ఏమేం సామాను పోతాందో రాసిన పొడుగు కాగితాలు. పొట్లాలు కట్టే అంగడికి పోయి, పాత కాగితాల కుప్పలో చేయి పెట్టి ఇట్లాంటివి ఏరుకొని వచ్చేవారు. "మాట రాసినోడు మర్చిపోతాడప్పా, సామాను రాసినోడు మర్చిపోడు" అనేవారు.

ఫోటోలో కుర్చీని ఎట్ల కొలిచేదో చూస్తే మీరు కూడా నోరు తెరుస్తారు. పెండ్లికొడుకు కుర్చీలో కూర్చోని ఉంటాడు. మోచేయి నుంచి వేలి కొసకు మూర. ఆ మూరను పట్టుకొని కుర్చీ చేయి ఎంత, వీపు ఎంత, కాలు ఎంత అని దారంతో కొలుస్తారు. "మనిషుండే ఫోటోనే నాకు కావాల. మనిషి లేని కుర్చీ ఫోటో ఎందుకు, దానికి ఎత్తూ లావూ యాడిదీ?" అనేవారు. పాప కూడా అదే నేర్చుకుంది. ఇప్పుడు పెండ్లికి పోతే పెండ్లికూతురు నగలు చూడదు, వాళ్ల ఇంటి గోడ మీద తాత ఫోటో చూస్తాది.

ఇంకొక నియమం పెట్టినారు. పుస్తకంలో బొమ్మను చూసి సామాను చేయకూడదు. పుస్తకంలో బొమ్మను చూసి, అట్లాంటిది నిజంగా యాడుందో ఎతుక్కుంటా పోవాల. చూడాల, తిరగేయాల, కొలవాల. అప్పుడే రంపం పట్టాల. అందుకే బీరువాలో ప్రతి పుస్తకంలో, ప్రతి బొమ్మ పక్కన పెన్సిలుతో ఆయన రాత ఉంటాది. 'చూలే' అని ఉంటే ఇంకా చూడలేదని. చూసినాక దాన్ని కొట్టేసి ఊరి పేరు రాస్తారు. 'ఐరాల, చూసినాను, కొలిచినాను, కాళ్లు బొమ్మలో కంటే లావు.' 'ఏర్పేడు, చూసినాను, కొలిచినాను, ఈ పుస్తకం అబద్ధం.' బస్సుల్లో తిరిగి తిరిగి పుస్తకాలను నిలదీసినాడు ఆ మనిషి.

ఇంక నా బుద్ధి సంగతి చెప్పాల. పాప పందిరిమంచం చేసినప్పుడు దానికి నవారు నేసేది నా పని అన్నాను. పాతికేండ్ల మగ్గం చేయి, నాకొక లెక్కా? ఫోటో ఫ్రేముకు మేకులు కొట్టి, దాని మీద పావు అంగుళం వెడల్పు నవారు నేసి, మంచానికి బిగించి, తలకు పటకా చుట్టుకున్నోని మాదిరి పోయి ఆయన ముందర పెట్టినాను. ఆయన భూతద్దం పెట్టి చూసినారు.

"అప్పా, నవారు చానా బాగుండాది."

"ఉంటాది మరి!"

"ఆ ఇంట్లో దారం ఎంత లావుండాదో చూస్తివా?"

నాకు అర్థం కాలేదు. ఆయన నా చేయి పట్టుకొని చిటికెన వేలు చూపించినారు. "ఇంత లావు. మనిషిని చిన్నగా చేస్తిమి, మంచాన్ని చిన్నగా చేస్తిమి, నీ నూలు మాత్రం నగరి నూలే. ఆ మంచం మీద పండుకునేటోని వీపు ఏం గావాల?"

నేసేవాడికి నూలు అంటే నూలే గదా. అన్నిటినీ చిన్నది చేయొచ్చునని తెలుసుగాని, పోగును కూడా చిన్నది చేయాలని మాకు తోస్తాదా! మా వీధిలో నలుగురు నేతగాళ్లను అడిగినాను, ఒక్కనికీ తోచలేదు. తర్వాత పట్టుపోగును నీళ్లల్లో నానబెట్టి, విప్పి, దాంట్లో ఒక్క పోగు తీసి, కండ్లకు కనపడక తడుముకుంటా మూడు నెలలు నేసినాను. దాన్ని తీసుకపోయి ఆయనకు ఇచ్చినాను. భూతద్దం నా చేతికి ఇచ్చి, "నువ్వే చూసుకో" అన్నారు. నా నేతను నేను అంతకు ముందు అట్ల చూసుకోలేదు.

ఎప్పుడూ ఇట్ల బాగుండినామని కాదు. పాపకు పద్దెనిమిది పంతొమ్మిదేండ్లప్పుడు నాకు కోపం వచ్చింది. పిల్ల చదువు వదిలి, చేతులకు రంపం గాట్లు పెట్టుకొని, కుర్చీ కుర్చీ అని తిరగతాంది. ఒక ఆదివారం ఆయనే మా ఇంటికి వస్తే అనేసినాను. "అయివారూ, పిల్లను చెడగొడతాండారు. ఎలుకలు కూర్చునేదానికా ఈ కుర్చీలు?"

ఆయన మా ఇంట్లో చుట్టూ చూసినారు. మా పాత చేమగ్గం అప్పటికే విప్పేసినాము, దాని కూర్చునే బల్ల మాత్రం గోడ పక్కన ఉండింది. మా తాత కూర్చునింది, నాయన కూర్చునింది, నేను కూర్చునింది. ఆయన పోయి దాన్ని తిరగేసినారు. దుమ్ము తుడిచినారు. "రాప్పా" అని పిలిచినారు. అడుగున మేకుతో గీకిన గీతలు ఉన్నాయి. వంకర టింకరగా నా పేరు. ముందర అక్షరం తిరగబడి ఉంది. నాయన నేస్తా ఉంటే నేను బల్ల కింద పండుకొని ఆడుకునేవాణ్ని. అది నాకు గుర్తే లేదు. యాభై ఏండ్లకు దగ్గరపడినాను, ఆ బల్ల మీద జీవితమంతా కూర్చున్నాను, నా పేరు మీదనే కూర్చున్నానని నాకు తెలియదు.

"కుర్చీకి ముఖం అడుగునుంటాదప్పా" అన్నారు ఆయన. కాఫీ తాగి పోయినారు. నేను ఆ తర్వాత పాపను ఏమీ అనలేదు.

పెండ్లి కుదిర్చేదానికి పాపను కూడా వెంటబెట్టుకొని పుత్తూరు పోయినప్పుడు పెద్దమనిషిగా ఆయన్నే తీసుకపోయినాము. పోయిన తావ మర్యాదగా ఉంటాడా! కూర్చోమని కుర్చీ వేస్తే, కూర్చోకుండా దాన్ని తలకిందులు చేసినారు. పెండ్లికొడుకు అవ్వకు ఒళ్లు మండింది. "ఏం చూస్తాండావు సామీ? నల్లులుండాయని అనుకుంటివా?" అనింది. నాకు భూమిలోకి పోదామని అనిపించింది. అయితే పెండ్లికొడుకు లేచి వచ్చి, రెండో పక్క పట్టుకొని, "దీనికి ఒక కాలు మార్చినాము అయివారూ, చూడండి, ఈ కాలు వేరే కొయ్య" అన్నాడు. పాప తలెత్తి మొదటిసారి ఆ పిల్లోణ్ని చూసింది. సంబంధం ఆడే కుదిరింది. మిగతా మాటలన్నీ ఊరికే.

ఇంక పన్నెండో సామాను సంగతికి వస్తాను. నన్ను నిలవనీయకుండా తిప్పింది అదే.

గదిలో పన్నెండు సామాన్లు ఉండాల. పదకొండు అయినాయి. మిగిలింది పడక కుర్చీ. వెనక్కి వాలి పండుకునేది, చేతులు పొడుగ్గా ముందరికి ఉండేది. ఆ మద్రాసు పుస్తకంలో బొమ్మ ఉంది. పాప ఆ బొమ్మ చూసి మొదలుపెడతానంటే అయివారు ఒప్పుకోలేదు. "అది దొరలు కాళ్లు చాపుకొని పండుకునేది. మనోళ్లు దాన్ని చూసి ఈడ చేయించుకున్నది వేరేగా ఉండాల. నేను చూసి వచ్చి చెప్తాను. అంతవరకు రంపం పట్టొద్దు" అన్నారు. అది మూడు నెలల కిందటి మాట. చెప్పకుండానే పోయినారు. తిరుపతోళ్లకేమో ఇరవై దినాల్లో గది కావాల.

నేనన్నాను, "పాపా, పుస్తకం బొమ్మ చూసి చేసేయమ్మా. ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది నాయనా" అనింది.

"లేకపోతే పదకొండే పంపు."

"ఆ కుర్చీ తావ ఖాళీగా పెట్టి పంపేదా? ఆయన చూడలేదు కాబట్టి చేయలేదని చీటీ పెడదునా?" అని కండ్లనీళ్లు పెట్టుకుంది. నేను లేచి వీధి చివరి వరకు పోయి వచ్చినాను. మళ్లీ పోయినాను. తొమ్మిది దినాలు ఇట్లే జరిగినాయి.

పదో నాడు పెద్దదినం కర్మ అయినాక అయివారమ్మ మమ్మల్ని పిలిపించింది. బీరువా తాళం పాప చేతిలో పెట్టింది. "ఇవి నాకు చదివేదానికి రావు, తుడిచేదానికి మాత్రం వస్తాయి. నువ్వు తీసుకపో" అనింది. పాప మొదట తీసింది మద్రాసు పుస్తకమే. పడక కుర్చీ బొమ్మ పక్కన 'చూలే' అని కొట్టేసి ఉంది. దాని కింద కొత్త పెన్సిలు రాత.

'గూడూరు. చూసినాను. కొలవలే. అవ్వ నిద్రపోతాండాది.'

ఆ పేజీలోనే మడిచిన ఒక సారె పట్టీ ఉంది. చానా పాతది, అంచులు ఎలకలు కొట్టినాయి. గూడూరుకు కోడలుగా పోయే ఒక పిల్ల సారె. పాత్రలు, పెట్టెలు రాసినాక అడుగున, 'పడక కుర్చీ, పొడుగు చేతులది, ఒకటి' అని ఉంది. దాని వెనక అయివారు ఇంటి గుర్తు రాసుకున్నారు. నిమ్మకాయల మండీ వెనక వీధి, నీలం గేటు.

అయివారమ్మ చెప్పింది. పోవడానికి వారం ముందు ఒక పొద్దున రైలెక్కి పోయి, దీపాలు పెట్టే పొద్దుకు వచ్చినారంట. కాళ్లు వాచి ఉన్నాయంట. దొరికిందా అని ఆమె అడిగితే, "దొరికింది, లేపేదానికి మనసు రాలేదు. మళ్లీ పోతా" అన్నారంట.

వాచిన కాళ్లతో అంత దూరం పోయింది మా పాప కుర్చీ కోసమే గదా. అడగకుండా ఉండలేకపోయినాను. "అమ్మా, ఆ తిరుగుడుతోనే..."

ఆమె నన్ను పూర్తి చేయనీయలేదు. "నువ్వు ఊరుకో అప్పా. ఆయన్ని నేను నలభై ఏండ్లు ఈ ఇంట్లో కూర్చోబెట్టాలని చూసినాను. ఒక్క పూట కూర్చోలేదు. కూర్చోబెట్టుంటే అప్పుడే పోయుండేవాడు. రేపటి రైలుకు నువ్వూ పాపా పోండి. ఆయన మళ్లీ పోతానన్నాడు గదా, ఎవురో ఒకరు పోవాల."

పోయినాము. నీలం గేటు దొరికింది. ఆ అవ్వ కోడలు తలుపు తీసింది, ఆమెకు కూడా యాభై ఏండ్లు ఉంటాయి. పాప పుస్తకం చూపించి సంగతి చెప్తే ఆమె నోటి మీద చేయి వేసుకుంది. "ఆ పెద్దాయనా! పోయినారా? రెండు గంటలు ఈడే నిలబడుకొని ఉన్నారమ్మే. కూర్చోమంటే కూర్చోలేదు. మా అత్తను లేపతానంటే రెండు చేతులెత్తి దండం పెట్టినారు, వద్దు తల్లీ అని. రైలు టయమైందని పోయినారు."

లోపల గదిలో పడక కుర్చీ ఉంది. దాంట్లో అవ్వ నిద్రపోతాండాది.

మూరెడు మనిషి. నోరు కొంచెం తెరుచుకొని ఉంది. తెల్ల చీర, కుడిచేయి కుర్చీ చేతి మీద బోర్లా పెట్టి ఉంది. పాప చేతిలో టేపు ఉంది. తిరుపతికి పంపేదానికి మిగిలింది తొమ్మిది దినాలే, మా రైలు మూడు గంటలకు. నేను పాప ముఖం చూసినాను. పాప టేపును చుట్టి పిడికిట్లో పెట్టుకొని, గడప దగ్గర నేల మీద కూర్చునింది. పది దినాలుగా ఒక తావ నిలవని నేను కూడా దాని పక్కన కూర్చున్నాను. ఫ్యాను తిరగతాంది. మండీ వైపు నుంచి నిమ్మకాయల వాసన వస్తాంది. రైలు కూత వినపడింది, అది మేము ఎక్కాల్సింది. ఇద్దరమూ లేవలేదు.

అవ్వ తనంతట తానే కండ్లు తెరిచింది. "ఏందమ్మే, ఎవురు మీరు? నేల మీద కూర్చున్నారేంది?"

పాప కాళ్ల దగ్గరికి జరిగి సారె పట్టీ విప్పి చూపించింది. అవ్వకు చదివేదానికి కండ్లు లేవు. పాప చదివి వినిపించింది. చెంబులు, బిందెలు అంటా ఉంటే ఊరికే వింటాండాది. పడక కుర్చీ అనేటప్పటికి నవ్వింది.

"మా నాయన పంపించినాడు దీన్ని. ఆడబిడ్డకు పడక కుర్చీ ఏందని మా అత్త ఊరంతా చెప్పుకొని నవ్వింది. నాకేమో మోకాళ్లు చిన్నప్పటి నుంచే నొప్పి. ఆయన మర్చిపోలే."

"నువ్వే కూర్చునేదానివా అవ్వా?" అన్నాను నేను. ఆగలేకపోయినాను. నేనూ ఒక ఆడబిడ్డ నాయననే గదా.

"యాడ! మామ కూర్చున్నాడు, మొగుడు కూర్చున్నాడు. వాళ్లు పోయినాకే ఇది నా సేతికొచ్చింది. అప్పటికే తలంతా నెరిసిపోయిండె. ఇంక నేను దిగలే."

కోడలు, నేను చెరొక పక్క పట్టుకొని అవ్వను లేపి మంచం మీద కూర్చోబెట్టినాము. పాప కుర్చీని తిరగేసింది. కొలిచింది. కాళ్లు పుస్తకంలో కంటే పొట్టి. చేతులు ముందరికి మడిచేటివి కావు, ఒకటే చెక్క. అన్నీ రాసుకుంది. కుర్చీని మళ్లీ నిలబెట్టి, చేతుల మీద వేళ్లు పెట్టి తడిమి చూసి, ఆగిపోయింది.

ఎడమ చేయి నున్నగా ఉంది. కుడి చేయి మీద ఒక తావ కొయ్య తెల్లబడి, అరచేయి అంత పల్లం పడి ఉంది.

"ఈడ ఏం పెట్టుకుంటావవ్వా?" అని అడిగింది పాప.

"ఏం పెట్టుకుంటా? నా సెయ్యే."

సాయంత్రం రైల్లో పాప ఆ పుస్తకం తెరిచి, అయివారి రాత కింద తన పెన్సిలుతో ఇట్ల రాసింది. 'లేచింది. కొలిచినాను.'

ఇదంతా రాస్తా ఉంటే మా పాప నా ఎదురుగానే కూర్చోని ఉంది. కుర్చీ అయిపోయింది, వారం పట్టింది. పేము కూడా నేనే అల్లినాను, ఈసారి పోగు తప్పు పోలేదు. తిరుపతికి బండి ఎల్లుండి వస్తాది. పాప మాత్రం ఆ కుర్చీని కింద పెట్టదు. మూడు అంగుళాల కుర్చీ, దాని కుడి చేయి మీద ఆ పల్లం తేవాలని. ఉప్పుకాగితం ఇస్తే వద్దనింది. ఆకురాయి ఇస్తే వద్దనింది. బొటనవేలి కొసతో, ఊరికే అదే తావ, రుద్దతా ఉంది. నిన్నంతా రుద్దింది. కొయ్య ఇప్పుడిప్పుడే కొంచెం తెల్లబడతాంది.

"చాలులేమ్మా, అద్దం వెనకాల పెడితే అది ఎవురికి కనపడతాది?" అన్నాను.

"అన్నేండ్ల చెయ్యి నాయనా" అనింది తల ఎత్తకుండా, "నాలుగు దినాల్లో వస్తాదా?"

ఇంకా రుద్దతానే ఉంది.